వరద క్యాంపుకి మందులు సర్దే ముందు

కాలనీలోకి నీళ్లొస్తే కుర్రాళ్లంతా కలిసి మెడికల్ క్యాంప్ పెడతాం, ఏ మందులు కొనిపెట్టుకోవాలి అని అడిగారు కదా. నేను ఫార్మసిస్ట్‌ని. 2020 అక్టోబర్ వరదలప్పుడు హైదరాబాద్ పాతబస్తీ వైపు ఒక ఫంక్షన్ హాల్లో డాక్టర్‌గారి పక్కన కూర్చుని తొమ్మిది రోజులు మందులిచ్చాను.

మేము జ్వరం గోలీలు, దగ్గు సిరప్‌లు, యాంటీబయాటిక్స్ అట్టపెట్టెల నిండా మోసుకెళ్లాం. వచ్చినవాళ్లేమో ఎక్కువగా బీపీ, షుగర్ మందులు అడిగారు. రాత్రికి రాత్రి నడుంలోతు నీళ్లొస్తే మందుల చీటీ ఎవరికి గుర్తుంటుంది? ఒక పెద్దమ్మ కొంగుముడి విప్పి తడిసిన కాగితం కవర్ చూపించింది. లోపల గోలీలు కరిగి సున్నంముద్దలా ఉన్నాయి. "పొద్దున తెల్లది, రాత్రి గులాబీది బిడ్డా" అంటుంది. తెల్లవి నా డబ్బాలోనే పాతిక రకాలున్నాయి! డాక్టర్‌గారు బీపీ చూసి మళ్లీ మొదటినుంచి రాశారు.

అందుకే ఇప్పుడే, వానలకు ముందే, ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్, థైరాయిడ్, ఫిట్స్ మందులు వాడేవాళ్ల చీటీలు వాళ్ల ఫోన్‌లోనే ఫోటో తీయించండి. వేరే ఊళ్లో ఉన్న కొడుక్కో కూతురికో కూడా పంపించమనండి. ఇన్సులిన్ వాడేవాళ్లకు కరెంట్ పోతే తడి మట్టికుండ పని చేస్తుంది. సీసాని కవర్లో చుట్టి పెట్టాలి, నీళ్లలో వేయకూడదు.

ఓఆర్‌ఎస్ విషయంలో తప్పు మాదే. ప్యాకెట్లు పంచి ఊరుకున్నాం. ఒకామె ప్యాకెట్ మొత్తం ఒక్క గ్లాసులో కలిపి పిల్లాడికి పట్టింది. లీటర్ ప్యాకెట్ అలా కలిపితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. మర్నాటి నుంచి ప్రతి ప్యాకెట్‌తో ఖాళీ లీటర్ బాటిల్ కూడా ఇచ్చాం. తాగేనీళ్లు శుభ్రం చేయడానికి వేసే క్లోరిన్ బిళ్లలతో ఇంకో తంటా. "రోజుకెన్ని మింగాలి?" అని ఒక తాతగారు అడిగేసరికి నాకు చెమటలు పట్టాయి. అవి చేతికివ్వకండి. స్ట్రిప్ మీద ఎన్ని లీటర్లకని ఉందో చూసి మీరే బిందెలో వేసి, అరగంట ఆగాక తాగమని చెప్పండి.

మీలో డాక్టర్ లేకపోతే యాంటీబయాటిక్స్ జోలికి వెళ్లొద్దు. ఎలుకల జ్వరం (లెప్టోస్పైరోసిస్) రాకుండా ఇచ్చే డాక్సీసైక్లిన్ కూడా అంతే, గర్భిణులకు, చిన్నపిల్లలకు అది ఊరికే ఇచ్చేది కాదు. దగ్గర్లోని బస్తీ దవాఖానాలో (సర్కారు వారి చిన్న క్లినిక్) ముందే మాట్లాడి పెట్టుకోండి.

డబ్బులు మిగిలితే తువ్వాళ్లు, చెప్పులు కొనండి. మురుగునీళ్లలో నాని వేళ్ల సందులు తెల్లగా ఒరిసిపోయినవాళ్లే మా దగ్గర రోజూ క్యూ కట్టారు. కడిగి, పొడిగా తుడిస్తే సగం మందికి మందే అక్కర్లేకపోయింది. గాజుపెంకులు, మేకులు గుచ్చుకున్నవాళ్లను మాత్రం ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్‌కి పంపించాం.