నాన్న అప్పు చేసి మరీ సంగీత్ పెడతానంటున్నారు, నేను వద్దనడం తప్పా?

చదివేవాళ్ళ కోసం నీ సమస్య ముందు క్లుప్తంగా చెప్తానమ్మా. నీకు 26 ఏళ్ళు, హైదరాబాద్‌లో జాబ్, ఖమ్మం దగ్గర ఊళ్ళో మీ నాన్నగారికి చిన్న కిరాణా కొట్టు, తమ్ముడు ఇంకా బీటెక్ చదువుతున్నాడు. మాఘమాసంలో పెళ్ళి. అబ్బాయి వాళ్ళన్నయ్య పెళ్ళిలో సంగీత్, హల్దీ, ప్రీ వెడ్డింగ్ షూట్ అన్నీ ఘనంగా చేశారట, మనం వాళ్ళకంటే తగ్గకూడదని మీ నాన్నగారు 8 లక్షలు బయట వడ్డీకి తెస్తానంటున్నారు, వద్దంటే "ఒక్కగానొక్క ఆడపిల్లవి, నలుగురిలో నా పరువు తీస్తావా" అని అన్నం ముందు నుంచి లేచిపోయారు, అమ్మ కూడా నిన్నే తిట్టింది. నేను స్వార్థంగా ఆలోచిస్తున్నానా అని అడిగావు.

కానే కాదు తల్లీ. స్వార్థం ఉన్న పిల్ల అయితే లెహంగా సెలెక్ట్ చేసుకుంటూ కూర్చునేది, నాన్న వడ్డీ గురించి నిద్ర మానుకునేది కాదు.

నూటికి 2 రూపాయల వడ్డీ అన్నావు కదా, అంటే నెలకి 16 వేలు, ఏడాదికి 1,92,000, అదీ అసలులో ఒక్క రూపాయి తగ్గకుండానే. కొట్టు మీద వచ్చేదాంట్లో ఇంటి ఖర్చు, తమ్ముడి ఫీజు పోగా అంత మిగులుతుందా, నీకే తెలుస్తుంది.

ఇంకో మాట, నీ ఉత్తరం మొత్తంలో అబ్బాయివాళ్ళు మాకు సంగీత్ కావాలి అని అడిగినట్టు ఎక్కడా లేదు చూసుకున్నావా? వాళ్ళు అడగలేదు, మీ నాన్నగారే ముందే భయపడిపోతున్నారు. ఆ భయాన్ని తీసిపారేయకు. ఊళ్ళో మొన్నమొన్నటి దాకా పెళ్ళి అంటే ఊరంతా తలా చెయ్యి వేసేది, పందిరి దగ్గర బల్ల వేసుకుని ఒకాయన పెన్ను, నోటుబుక్కు పట్టుకుని చదివింపులు రాసేవాడు, ఫలానా వారు 116, ఫలానా వారు 516 అని, మళ్ళీ వాళ్ళింట్లో పెళ్ళి వస్తే ఆ పుస్తకం తీసి చూసి అంతకి తగ్గకుండా చదివించేవాళ్ళు. మీ నాన్నగారు ఇన్నేళ్ళూ అందరి పెళ్ళిళ్ళకీ వెళ్ళి భోంచేసి వచ్చిన మనిషి, ఇప్పుడు తన వంతు వచ్చింది అనుకుంటున్నారు. అందుకే భోజనాల జోలికి మాత్రం వెళ్ళొద్దని నా సలహా, వచ్చినవాళ్ళు కడుపునిండా తినాలి, అది ఆయన గౌరవం. తగ్గించాల్సింది స్టేజీ, ఎల్ఈడీ స్క్రీన్, డ్రోన్, కొరియోగ్రాఫర్. ఇవి ఎవరికీ బాకీ లేవు.

సంగీత్, హల్దీ అనేవి ఉత్తరాది నుంచి ఈమధ్యే మనదాకా వచ్చాయి. వస్తే తప్పని నేననను, అక్కచెల్లెళ్ళు, బావలు, మరదళ్ళు కలిసి డ్యాన్స్ చేస్తే బాగానే ఉంటుంది, దానికి డాబా మీద ఒక స్పీకర్ చాలు. పసుపు విషయానికొస్తే మనకి ఎప్పట్నుంచో ఉన్నదే కదా, రోలుకీ రోకలికీ పసుపు రాసి బొట్లు పెట్టి ఐదుగురు ముత్తయిదువులు పాటలు పాడుకుంటూ పసుపు కొమ్ములు దంచుతారు, తర్వాత నీకు నలుగు పెడతారు, మీ అమ్మ మురిసిపోయేది అక్కడే. ఫోటోగ్రాఫర్ మళ్ళీ పూలు చల్లండి అని నాలుగుసార్లు ఆపి తీయించే హల్దీలో ఆమెకి నీ బుగ్గ ముట్టుకునే తీరిక కూడా ఉండదు.

ముందు అబ్బాయితో మాట్లాడు. ఇంతవరకూ అతనికి ఒక్క ముక్క చెప్పలేదని రాశావు, అది మాత్రం నాకు నచ్చలేదు. మా నాన్న అప్పు చేస్తున్నారు, నాకు ఇష్టం లేదు, మీ ఇంట్లో దీన్ని తక్కువగా చూస్తారా అని సూటిగా అడుగు. అతను "నేను మా అమ్మానాన్నలతో చెప్తాను" అంటే సగం పని అయిపోయినట్టే. "అది మీ నాన్న బాధ్యత కదా" అంటే అది కూడా పెళ్ళికి ముందే నీకు తెలియాల్సిన విషయమే.

తర్వాత మీ మేనమామని కలుపుకో. పెళ్ళినాడు నిన్ను బుట్టలో కూర్చోబెట్టి తెచ్చేది ఆయనే, ఆయన మాటకి మీ నాన్న దగ్గర విలువ ఉంటుంది. ఫోన్లో వద్దు, చుట్టాల మధ్య అసలే వద్దు, కొట్టు కట్టేశాక ముగ్గురే కూర్చుని కాగితం మీద లెక్క రాయండి. "నా పెళ్ళి చిన్నగా చెయ్యి" అనకు, ఆయనకి అది నువ్వు జాలిపడుతున్నట్టు వినిపిస్తుంది. "నాన్నా, తమ్ముడి చదువు అయ్యేదాకా మనింటి మీద వడ్డీ ఉండకూడదు" అను.

రెండు కుటుంబాలూ ఒప్పుకుంటే తిరుమలలో పాపవినాశనం దారిలో కల్యాణ వేదిక ఉంది, టీటీడీ పురోహితుణ్ణీ మంగళవాద్యాన్నీ ఉచితంగానే ఇస్తుంది, అన్నవరంలోనూ ఎన్నో పెళ్ళిళ్ళు జరుగుతాయి. అక్కడ తాళి కట్టించుకుని ఊరొచ్చి భోజనాలు పెట్టినా పెళ్ళి పెళ్ళే. ఎలా చేసుకున్నా రిజిస్ట్రేషన్ మాత్రం వెంటనే చేయించుకోండి.

చివర్లో పెళ్ళయ్యాక ఆ వడ్డీ నేనే చాటుగా కట్టేస్తాను అని రాశావు. అలా చెయ్యకమ్మా. నాన్నకి సాయం చెయ్యి, తప్పులేదు, నీ జీతం నీదే, కానీ అతనికి చెప్పి చెయ్యి, కొత్త కాపురంలో నెలనెలా ఒక అబద్ధం మోయడం చాలా కష్టం. ఈవెంట్ వాళ్ళకి ఇచ్చిన అడ్వాన్స్‌లో ఎంత తిరిగిస్తారో వాట్సాప్‌లో అడిగి రాతపూర్వకంగా తీసుకో, మిగతా డబ్బు కట్టకముందే. ఈ ఆదివారం అబ్బాయితో మాట్లాడు, ఆ తర్వాతే ఊరికి బస్ బుక్ చేసుకో.