డాక్టర్ సలహా: అండమాన్ సరే, ముందు ఆ అరికాలు చూపించండి

ప్రశ్న: మాది హనుమకొండ. నా వయసు 56. పదేళ్లకు పైగా షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిప్రైడ్ కలిసిన మాత్ర, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. వచ్చే నెల కుటుంబమంతా అండమాన్ వెళ్తున్నాం. సముద్రతీరంలో అన్ని రోజులు ఉండటం మాకు ఇదే మొదటిసారి. తెలిసిన మెడికల్ షాపు అతను అజిత్రోమైసిన్, ఎసిక్లోఫెనాక్, లోపెరమైడ్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, వాంతుల మాత్రలు ఒక సంచిలో కట్టి ఇచ్చాడు. ఇవి సరిపోతాయా? ఏ సన్‌స్క్రీన్ కొనాలి? పిల్లలు స్కూబా డైవింగ్ చేద్దామంటున్నారు. నేనూ చేయవచ్చా? అన్నట్టు, ఎడమ అరికాలిలో ఆనెకాయను బ్లేడుతో తీసినచోట చిన్న పుండు ఉంది. నెల కావస్తోంది, నొప్పి లేదు, ఆయింట్‌మెంట్ రాస్తున్నాను. సముద్రపు ఉప్పునీటికి మానిపోతుందని అంటున్నారు. నిజమేనా?

జవాబు: పుండు సంగతి చివర్లో మాటవరసకు అన్నట్టు రాశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. మిగతావన్నీ దాని తర్వాతే.

ఉప్పునీటికి పుండు మానదు. పైగా వెచ్చని సముద్రపు నీటిలో విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్నవారికి దానితో సాధారణంగా పెద్ద ముప్పు ఉండదు. షుగర్, కాలేయ జబ్బు ఉన్నవారిలో మాత్రం తెరిచి ఉన్న గాయం గుండా లోపలికి చేరి, కొన్ని గంటల్లోనే కాలు పైకి పాకగలదు. అరుదైన జబ్బే, కాదనను. అయితే నెల రోజులుగా మానని పుండు, పదేళ్ల షుగర్ ఉన్న మనిషి ఆ అరుదు లెక్కను నమ్ముకుని నీళ్లలోకి దిగకూడదు.

నొప్పి లేదని ధైర్యంగా రాశారు. నన్ను భయపెట్టింది ఆ మాటే. నెల రోజుల పుండు నొప్పి పెట్టడం లేదంటే నరాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు. మా ఓపీకి ఒకాయన చెప్పు వేసుకుని మామూలుగా నడిచి వచ్చారు. బల్లపై పడుకోబెట్టి చెప్పు తీయబోతే రాలేదు. అడుగు నుంచి దిగిన మేకు చెప్పుతో సహా అరికాల్లో ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకు తెలియదు. మీ పరిస్థితి అదేనని అనడం లేదు, చూడకుండా అనలేను కూడా. పరీక్ష చేయించుకోమంటున్నాను.

ఇక ఆ బ్లేడు. షుగర్ ఉన్నవారు ఆనెకాయను బ్లేడుతో, గోరుగల్లుతో తీసుకోకూడదని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఆయింట్‌మెంట్ పేరు రాయలేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నదైతే, ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బెక్లోమెథసోన్, బీటామెథసోన్ వంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడ్. ఎరుపు, వాపు తగ్గి నయమవుతున్నట్టు కనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం నిమ్మళంగా పెరుగుతుంది. దాన్ని ఈ రోజే ఆపి, ట్యూబును డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

ఈ వారంలోనే సర్జన్‌కు గానీ షుగర్ డాక్టరుకు గానీ చూపించండి. ప్రైవేటుకు వెళ్లకపోయినా ఫర్వాలేదు, వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో సర్జరీ ఓపీ ఉంది. చుట్టూ గట్టిపడిన చర్మం తీసి శుభ్రం చేస్తారు, పుండు ఎముక దాకా వెళ్లిందేమో చూస్తారు, అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. పాదంలో నాడి అందుతోందా, స్పర్శ ఉందా అన్నది పరీక్షిస్తారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష మూడు నెలలకు పైబడిన పాతదైతే మళ్లీ చేయించండి. పుండు మీద బరువు పడకుండా చెప్పు మార్చమంటారు. చాలామంది మందులు కొని చెప్పు మార్చరు, ఆ తర్వాత మందు పనిచేయలేదంటారు.

ప్రయాణం నాటికి పుండు పూర్తిగా మూసుకుంటే, మీ డాక్టరు ఒప్పుకుంటే, నీళ్లలో కూడా చెప్పులతోనే దిగండి. పగడపు రాళ్లు కత్తిలా కోస్తాయి. మానకపోతే పాదం కూడా తడపవద్దు. ప్లాస్టిక్ కవరు కట్టుకుని దిగవచ్చా అని అడిగినవారు ఉన్నారు, అందుకే ముందే చెబుతున్నాను, వద్దు. ఎండలో ఇసుక మీద వట్టికాళ్లతో నడవవద్దు. స్పర్శ లేని పాదానికి బొబ్బ లేచేదాకా తెలియదు. మేడారానికి చెప్పులు లేకుండా నడిచి వచ్చిన షుగర్ రోగుల పాదాలకు కట్లు కట్టినవాళ్లం, మాకు ఈ సంగతి కొత్త కాదు. రోజూ రాత్రి అరికాళ్లు మీ భార్యతో గానీ పిల్లలతో గానీ చూపించుకోండి. ఎరుపు, వాపు, దుర్వాసన, జ్వరం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. హేవ్‌లాక్, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో మీరు ఉండగా కాలు ముదిరితే పోర్ట్ బ్లెయిర్, అదే ఇప్పటి శ్రీ విజయపురం పెద్దాసుపత్రికి సముద్రం దాటి రావాలి. బోట్లు మన బస్సుల్లా రాత్రీ పగలూ తిరగవు.

ఇప్పుడు ఆ సంచి. ఓఆర్ఎస్ ఉంచుకోండి. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసుకు చిటికెడు కాదు. విరేచనాలతో నీరసించినప్పుడు షుగర్ ఉన్నవారు కూడా తాగవచ్చు. అట్టపెట్టెల్లో దొరికే తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు. ఆ పేరు పెట్టి అమ్మకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది కూడా.

ఎసిక్లోఫెనాక్ తీసి పక్కన పెట్టండి. మీ బీపీ మాత్రలో టెల్మిసార్టాన్, నీరు తీసే మందు రెండూ ఉన్నాయి. వాటికి ఒంటినొప్పుల మాత్ర తోడై, పైగా విరేచనాలతోనో ఎండతోనో ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. సంచి కట్టిన మనిషికి మీరు ఏ బీపీ మాత్ర వేసుకుంటున్నారో తెలుసా? అడిగాడా? నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ చాలు, అదీ మోతాదు మించకుండా. అజిత్రోమైసిన్ యాంటీబయాటిక్, డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టవద్దు. విరేచనాలు ఆపే లోపెరమైడ్‌ను జ్వరం ఉన్నప్పుడు, మలంలో రక్తం పడుతున్నప్పుడు అసలే వేసుకోకూడదు. వాంతులు, విరేచనాలు ఎక్కువైతే మెట్‌ఫార్మిన్‌నూ, బీపీ మాత్రనూ తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు. ఎప్పుడు, ఎలా అన్నది వెళ్లేముందు మీ డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. మిమ్మల్ని చూడకుండా ఇక్కడి నుంచి మోతాదులు చెప్పడం సరికాదు.

గ్లిమిప్రైడ్ గురించి ఒక మాట. తెల్లవారుజాము విమానమైతే అర్ధరాత్రే హనుమకొండలో బయలుదేరి శంషాబాద్ చేరాలి. టిఫిన్ వేళ తప్పుతుంది, అలవాటు కొద్దీ మాత్ర పడుతుంది, గాల్లో ఉండగా చెమటలు, వణుకు మొదలవుతాయి. ఆ మాత్రకు తిండి తోడుండాలి. ఏమీ తినలేని పూట ఏం చేయాలో అదే కాగితంలో రాయించుకోండి. జేబులో గ్లూకోజ్ పొడి ఉంచండి. మందులు, చీటీ చేతి సంచిలోనే పెట్టుకోండి.

స్కూబా మీకు వద్దు. తెరిచి ఉన్న పుండు ఒక కారణమైతే, నీటి అడుగున షుగర్ పడిపోతే పైకి రావడం కష్టమన్నది ఇంకో కారణం. వచ్చే ఏడాది గుండె పరీక్షలు చేయించుకుని, డైవింగ్ తెలిసిన డాక్టరు ఒప్పుకుంటే అప్పుడు చూద్దాం. పిల్లల్లో ఉబ్బసం ఉన్నవారు, జలుబుతో ముక్కు దిబ్బడ వేసినవారు దిగకూడదు. డైవింగ్ తర్వాత కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు విమానం ఎక్కకూడదు. తిరుగు ప్రయాణం ముందురోజు సాయంత్రం డైవింగ్ పెట్టుకునేవాళ్లు దీన్ని పట్టించుకోరు.

సన్‌స్క్రీన్ ఏ కంపెనీదైనా ఒకటే, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకూడదు. రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. మీ హైడ్రోక్లోరోథయజైడ్ వల్ల చర్మం ఎండకు తొందరగా కమిలిపోవచ్చు కాబట్టి నిండు చేతుల చొక్కా, టోపీ వదలవద్దు.

బోటులో వాంతుల మాత్ర సాధారణంగా ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక కాదు. ఆ మాత్రలు చాలావాటికి మగత వస్తుంది. ప్రొస్టేట్ వాపు ఉన్నవారికి మూత్రం ఆగిపోవచ్చు, కంట్లో ఒత్తిడి పెరిగే గ్లాకోమా ఉన్నవారికీ మంచివి కావు. మీకు ఈ రెండూ ఉన్నాయో లేవో రాయలేదు.

తిరిగి వచ్చాక నెల రోజుల్లో ఎవరికైనా జ్వరం వస్తే అండమాన్ వెళ్లి వచ్చామని డాక్టరుకు మొదటే చెప్పండి. అక్కడ మలేరియాతో పాటు ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా ఉంది. జ్వరంతో పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం, పచ్చబడటం ఉంటే ఆలస్యం చేయవద్దు. ప్రయాణం సంగతి చెప్పకపోతే ఇక్కడ మేము మొదట డెంగ్యూ పరీక్షే రాస్తాం.