కీబోర్డు చూడకుండా టైప్ చేయడం నేర్చుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

లైనక్స్ వాడేవాళ్లయితే కేటచ్ పెట్టుకోండి, కేడీఈ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ బృందం వాళ్లది, పూర్తిగా ఫ్రీ, స్క్రీన్ మీద కీబోర్డు బొమ్మ వేసి ఏ కీకి ఏ వేలో రంగుల్లో చూపిస్తుంది, పాఠానికి కొన్ని కొత్త అక్షరాలే ఇస్తుంది కాబట్టి వేళ్లకి మెల్లగా అలవాటైపోతుంది. ఎఫ్, జె కీల మీద చిన్న గీతలుంటాయి చూడండి, చూపుడు వేళ్లు అక్కడే ఉంచాలి. మొదట్లో స్పీడ్ అస్సలు పట్టించుకోవద్దు, తప్పుగా పడిన అలవాటు మాన్పించడం చాలా కష్టం.

తెలుగుకైతే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ (భారతీయ భాషల కోసం చేసిన ప్రామాణిక కీబోర్డు అమరిక) నేర్చుకోండి ప్లీజ్. గుణింతం గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి, కె నొక్కితే క, తర్వాత ఎఫ్ నొక్కితే గుడి పడి కి అవుతుంది. హిందీ, కన్నడ ఇన్‌స్క్రిప్ట్‌లో కూడా క అదే కీ మీద ఉంటుంది.