పిల్లి పొట్ట కింద గంగడోలు

సందేహం: మాది కోనసీమలో ఆత్రేయపురం దగ్గర పల్లె. ధాన్యం కొట్టులో ఎలుకల బాధ పడలేక మూడేళ్లుగా ఒక గండుపిల్లిని పెంచుతున్నాం. ఈమధ్య దాని పొట్ట కింద, వెనక కాళ్ల ముందు, తోలు సంచిలా జారింది. నడుస్తుంటే అటూ ఇటూ ఊగుతోంది. నీరు పట్టిందని ఒకరు, నులిపురుగులని ఒకరు అంటున్నారు. కళ్లకూ చెవులకూ మధ్య రెండు వైపులా వెంట్రుకలు పలచబడి తోలు కనిపిస్తోంది. తామరేమోనని పసుపు రాశాం. చెవి అంచున చిన్న చీలిక ఉంది, కుక్క కరిచిందేమో తెలియదు. నిద్రలో కన్ను సగం తెరుచుకున్నప్పుడు లోపల తెల్లటి పొర అడ్డంగా కనిపిస్తోంది. పువ్వు వేస్తోందా? నిన్న గోనెసంచి మీద దాని గోరు ఒకటి ఊడి పడి ఉంది. తిండి బాగానే తింటోంది, ఎలుకలనూ పడుతోంది. గేదెలకు వాడే పిడుదుల మందు ఇంట్లో ఉంది. తోలు మీద రాయమంటారా? – ఒక రైతు

సమాధానం: ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు. ఆ మందు రాయకండి. ఎందుకో కాస్త ఆగి చెబుతాను.

మీరు రాసిన అయిదింటిలో ఏదీ జబ్బులా లేదు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట ‘తిండి బాగానే తింటోంది, ఎలుకలనూ పడుతోంది’ అన్నది. పొట్టలో నీరు చేరిన పిల్లి అర్ధరాత్రి ధాన్యం బస్తాల మీద ఎలుక వెంట దూకదు. పొయ్యి పక్కన ముడుచుకుని పడుకుంటుంది.

పొట్ట సంగతి చూద్దాం. ఒంగోలు గిత్త మెడ కింద గంగడోలు మడతలు మడతలుగా వేలాడుతుంటే దాన్ని మనం జబ్బు అనుకోం. సంతలో ఆ గంగడోలు చూపించే ధర పెంచి చెబుతారు. మేక మెడ కింద లోలకులు ఊగితే పిల్లలు ముచ్చటపడతారు. పిల్లికి అలాంటి వదులు తోలు పొట్ట అడుగున, వెనక కాళ్ల ముందు ఉంటుంది. మగదానికీ ఆడదానికీ, ఆపరేషన్ చేయించినదానికీ చేయించనిదానికీ ఉంటుంది. పులులకూ సింహాలకూ కూడా ఉంటుంది. కూనగా ఉన్నప్పుడు తెలియదు, పెరిగే కొద్దీ బయటపడుతుంది. కొన్నిటికి బాగా జారుతుంది, కొన్నిటికి చేత్తో తడిమితే గానీ తెలియదు. దీనికి రెండు ప్రయోజనాలు చెబుతారు. పిల్లులు కొట్లాడుకునేటప్పుడు వెల్లకిలా పడి వెనక కాళ్ల గోళ్లతో ఒకదాని పొట్టను ఒకటి చీరుకుంటాయి. ఆ దెబ్బ లోపలి పేగులదాకా పోకుండా ఈ వదులు తోలు కాస్తుంది. రెండోది, గోడ మీదకు దూకేటప్పుడు వెనక కాళ్లు బారుగా చాచుకోవడానికి సాగుడు ఇస్తుంది.

మీ అనుమానం తీరాలంటే ఒకసారి చేత్తో చూడండి. పిల్లి తిని, ఒళ్లు నాక్కుని స్థిమితంగా ఉన్నప్పుడు దాని వెనక కూర్చుని అరచేతిని పొట్ట కిందకు పోనివ్వండి. సగం ఖాళీ చేసిన పాల ప్యాకెట్టును పట్టుకున్నట్టు మెత్తగా, జారుతూ తగలాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంటే రెండు పొరల తోలు ఒకదాని మీద ఒకటి జరుగుతుంది. మధ్యలో కాస్త కొవ్వు తగలవచ్చు, గట్టి గడ్డ మాత్రం తగలకూడదు. పిల్లి విసుక్కోవచ్చు గానీ నొప్పితో అరవకూడదు. నీరు పట్టిన పొట్ట ఇలా ఉండదు. అది ఊగదు, రెండు పక్కలా కుండలా ఉబ్బి ఉంటుంది. పైన వెన్నుపూసలు బయటికి తేలుతాయి, డొక్కలు త్వరత్వరగా ఎగిరిపడుతుంటాయి. పురుగుల పొట్ట ఎక్కువగా కూనల్లో చూస్తాం. ఒళ్లు చిక్కి, వెంట్రుకలు గరుకుబారి, పొట్ట ఒక్కటే గుండ్రంగా ఉంటుంది. బొడ్డు దగ్గర నిమ్మకాయంత ఉబ్బు కనిపించి, నొక్కితే లోపలికి పోతుంటే అది హెర్నియా. ఇవేవీ కాకపోతే మీరు చూసింది గంగడోలే.

తడిమేటప్పుడు పొట్ట మీద వరసగా చిన్న మొటిమల్లాంటివి తగులుతాయి. గండుపిల్లికీ చనుమొనలు ఉంటాయి, సాధారణంగా ఎనిమిది. వాటిని పిడుదులనుకుని పీకబోయిన వారిని చూశాను. ఇంట్లో ఆడపిల్లి కూడా ఉంటే ఆ చనుమొనల చుట్టూ శనగగింజంత గట్టి గడ్డ ఏదైనా ఉందేమో అప్పుడప్పుడూ తడిమి చూడండి. పిల్లుల్లో అలాంటి గడ్డలు ఎక్కువ శాతం క్యాన్సరే. అక్కడ మాత్రం ఒక్క వారం కూడా ఆగవద్దు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పెద్దావిడ తాటాకు బుట్టలో పిల్లిని పెట్టుకుని ఆసుపత్రికి వచ్చారు. “పొట్ట జారిపోయింది, ఎప్పుడు ఈనుతుంది బాబూ?” అని అడిగారు. తోక ఎత్తి చూపించి అది గండుపిల్లి అని చెప్పాను. ఆవిడ కాసేపు దాన్నీ నన్నూ చూసి, “అయితే నెల రోజుల నుంచి దీనికి పోస్తున్న అర్ధసేరు పాల మాటేమిటి?” అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. (పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. మంచినీళ్లు చాలు.) నిజంగా కడుపుతో ఉన్న పిల్లికి మూడో వారంలోనే చనుమొనలు గులాబీ రంగుకు తిరిగి పొడుచుకొస్తాయి. తొమ్మిది వారాలు దాటగానే, అంటే 63 నుంచి 65 రోజులకు పిల్లల్ని పెడుతుంది.

ఇక కళ్లకూ చెవులకూ మధ్య పలచటి చోటు. అక్కడ వెంట్రుకలు తక్కువగా ఉండడం పిల్లి జాతి లక్షణం. పొట్టి వెంట్రుకల పిల్లుల్లో, ముదురు రంగు పిల్లుల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండు పక్కలా సమానంగా ఉందని మీరే రాశారు. తామరకు అంత క్రమశిక్షణ ఉండదు. ఒక పక్క మొదలై గుండ్రంగా పాకుతుంది. టార్చి వేసి చూస్తే తోలు మీద తవుడు చల్లినట్టు పొట్టు రాలుతుంటుంది. వెంట్రుకలు మొదలంటా ఊడకుండా, కోత అయిన చేలో దుబ్బుల్లా తెగి నిలుచుంటాయి. ఇంట్లో పిల్లలకు చేతుల మీద, మెడ మీద గుండ్రటి మచ్చలు లేస్తే ఆ అనుమానం బలపడుతుంది. మీ పిల్లి తోలు నున్నగా, శుభ్రంగా ఉంటే దాన్ని అలాగే వదిలేయండి. పసుపు వల్ల పెద్ద నష్టం లేదు, ప్రయోజనమూ లేదు. అదంతా నాకి మింగేస్తుంది.

నా అనుభవంలో పిల్లులకు ప్రాణం మీదికి వచ్చేది ఇలాంటి మచ్చల వల్ల కాదు, వాటికి మనం చేసే వైద్యం వల్ల. గేదెల పిడుదుల మందుల్లో సాధారణంగా డెల్టామెత్రిన్ గానీ సైపర్‌మెత్రిన్ గానీ ఉంటుంది. కుక్కలకు అమ్మే వాటిలో కొన్నిట్లో పెర్మెత్రిన్ ఉంటుంది. గేదె తట్టుకునే ఈ మందులను పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. పైగా ఒంటి మీద ఏది పడినా నాకకుండా ఉండదు. గంటల్లోనే నురగ కక్కుతుంది, ఒళ్లంతా వణుకుతుంది, మూర్ఛలు వస్తాయి. ఎవరైనా ఇప్పటికే రాసి ఉంటే గిన్నెలు తోమే సబ్బునీళ్లతో, గోరువెచ్చటి నీటితో బాగా కడిగి, తుండులో చుట్టి వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరంగా ఉందని మనం వేసుకునే పారాసిటమాల్ ముక్క పెట్టడం అంతకన్నా ప్రమాదం. ఒక్క మాత్రకే పిల్లి చనిపోవచ్చు. ఫినాయిలుతో గచ్చు తుడిచిన రోజు తడి ఆరేదాకా పిల్లిని ఆ గదిలోకి రానివ్వకండి. పాదాలకు అంటింది నాలుక మీదికి పోతుంది.

చెవి చీలిక గురించి అంత కంగారు అక్కర్లేదు. రెండో చెవి చూడండి, వెలుపలి అంచున కింది భాగంలో సరిగ్గా అదే చోట అలాంటిదే ఉంటుంది. కుక్క రెండు చెవులనూ కొలిచి కరవదు కదా. అది పుట్టుకతో వచ్చే చిన్న తోలు జేబు. గొర్రె గిట్టల మధ్య చిన్న రంధ్రం ఉన్నట్టే ఇదీ. కాకపోతే పిడుదులు దాక్కోవడానికి మంచి చోటు కాబట్టి వానాకాలంలో వారానికోసారి వేలితో విప్పి చూడాలి. చెవి రంధ్రంలో కాఫీపొడిలా నల్లగా పేరుకుని, పిల్లి తల విదిలిస్తూ గోక్కుంటుంటే అది చెవి గజ్జి, దానికి మందు కావాలి.

కంటిలో మీరు చూసింది మూడో రెప్ప. మీ గేదెకూ ఉంది, ముక్కు వైపు కంటి మూలలో చూడండి. పిల్లి నిద్రలో ఉన్నప్పుడు ఆ మూల నుంచి తెరలా జరుగుతుంది, మెలకువ రాగానే వెనక్కి పోతుంది. పువ్వు అయితే నల్లగుడ్డు మీదే ఉంటుంది, కదలదు. మెలకువగా తిరుగుతున్నా రెండు కళ్లకూ తెర సగందాకా నిలిచిపోతే లోపల ఏదో జబ్బు ఉందని, విరేచనాలతో నీరసించిందని అనుమానించాలి. ఒక్క కంటికే నిలిస్తే ఆ కంటికి దెబ్బో గడ్డిపరకో తగిలి ఉంటుంది.

ఊడిన గోరును వెలుతురులో పెట్టి చూడండి. నెలవంకలా వంగి, లోపల బోలుగా ఉంటుంది. అది గోరు కాదు, గోటి పైపొట్టు. లోపల కొత్త గోరు పదునుగా సిద్ధమయ్యాక పాత తొడుగు రాలిపోతుంది. అందుకే పిల్లి గోనెలనూ కొబ్బరి మొద్దులనూ గీరుతుంది. గోళ్లను పూర్తిగా లోపలికి ముడుచుకోవడం మన ఇంటి పిల్లి విద్య. కోరింగ మడ అడవుల్లో ఉండే నీటిపిల్లికి గోళ్లు పూర్తిగా లోపలికి పోవు, వేళ్ల మధ్య కొంత తోలు కూడా ఉంటుంది. చేపల చెరువు గట్టున ఒంటి నిండా మచ్చలతో పెద్ద పిల్లి కనబడితే అదే కావచ్చు. దాన్ని చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

పనిలో పనిగా ముందు కాళ్ల వెనక, మణికట్టుకు కాస్త పైన నాలుగైదు బిరుసు మీసాలు కూడా ఉన్నాయేమో చూడండి. మూతికి జానెడు దూరంలో ఉన్నది పిల్లికి స్పష్టంగా కనబడదు. పట్టిన ఎలుక ఇంకా కొట్టుకుంటోందో లేదో అది ఆ వెంట్రుకలతోనే తెలుసుకుంటుంది. వాటిని కత్తిరించకండి.

మీరు అడగలేదు గానీ కొట్టులో ఎలుకలు అన్నారు కాబట్టి చెబుతున్నాను. బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు కలిపిన నూకలు తిన్న ఎలుక వెంటనే చావదు, రెండు మూడు రోజులు మందకొడిగా తిరుగుతుంది. మీ పిల్లికి దొరికేది అదే. కొట్టులో పిల్లి ఉండగా అక్కడ ఎర పెట్టకండి. చేలో సామూహికంగా పెట్టే రోజుల్లో దాన్ని ఇంట్లో కట్టడి చేసి, కడుపునిండా తిండి పెట్టి, చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టండి. ఆ తర్వాత వారంలో పిల్లి నీరసించి, చిగుళ్లు తెల్లబడి, ముక్కు నుంచి గానీ మూత్రంలో గానీ రక్తం కనబడితే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మందు పొట్లాన్ని కూడా వెంట తీసుకెళ్లండి. ఆ విషానికి విటమిన్ కె1 విరుగుడు. జింక్ ఫాస్ఫైడు అనే మరో ఎలుకల మందుకు అది పనిచేయదు, కాబట్టి పొట్లం మీద ఏముందో డాక్టరు చూడాలి.