కిలో అంటే సరిగ్గా ఎంత?

ప్రశ్న: మాది తెనాలిలో కిరాణా కొట్టు. మా కిలో రాయిని తూనికలు కొలతల శాఖవాళ్లు సరిచూసి ముద్ర వేస్తారు. మరి వాళ్ల రాయి సరైనదని చెప్పేదెవరండీ?

జవాబు: భలే పట్టుకున్నారు! వాళ్ల రాయిని ఇంకా మేలైన రాయితో సరిచూస్తారు, దాన్ని మరొకదానితో, అలా పైకి పోతూ ఉంటే మన దేశంలో ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ దగ్గర ఆగుతాం. అక్కడున్న ప్లాటినం-ఇరిడియం లోహపు దిమ్మ కూడా నకలే, నంబరు 57. అసలుది పారిస్ పక్కన సెవ్ర్‌లో ఉంది. ఎత్తూ వెడల్పూ 39 మిల్లీమీటర్లే, అరచేతిలో పట్టేస్తుంది (పట్టుకోనివ్వరు, అది వేరే సంగతి). 1889 నుంచి 2019 దాకా కిలో అంటే అదే.

చిక్కేమిటంటే, వందేళ్లలో దానికీ చాలా నకళ్లకీ మధ్య సుమారు 50 మైక్రోగ్రాముల (మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షో వంతు) తేడా వచ్చింది. నకళ్లు పెరిగాయా, అసలుదే తరిగిందా? చెప్పలేం, ఎందుకంటే అప్పటి నిర్వచనం ప్రకారం అది ఎంత తూగితే అదే కిలో!

అందుకే 2019 మే 20 నుంచి ఆ దిమ్మను పక్కనపెట్టి, ప్లాంక్ స్థిరాంకానికి (ప్రకృతిలో ఎక్కడా ఎప్పుడూ మారని విలువ ఇది) 6.62607015 × 10⁻³⁴ జౌల్-సెకన్లు అని విలువ ఖాయం చేసి, కిలోను దాన్నుంచే రాబడుతున్నారు. కిబుల్ బ్యాలెన్స్ అనే త్రాసులో బరువును రాయితో కాదు, తీగచుట్టలో కరెంటు పంపి పుట్టించిన అయస్కాంత బలంతో తూచుతారు; ఆ కరెంటును కొలవడానికి ఆధారం ప్లాంక్ స్థిరాంకమే.

మీ బేరానికేం ఢోకా లేదు. మీ రాయికి అంటిన బెల్లం జిడ్డే 50 మైక్రోగ్రాముల కంటే ఎక్కువుంటుంది, ముందు అది తుడవండి.