హాఫ్‌టన్ పికప్ వెనక మూడు టన్నుల ట్రైలర్: ముందు చూసుకోవలసినవి

చిరంజీవి చైతన్యకు,

పెదనాన్న ఆశీస్సులు. కేంపర్ ట్రైలర్‌కు, అదే లోపల ఉండడానికి వీలైన లాగుడు బండికి, అడ్వాన్స్ ఇవ్వకముందే అడిగావు, మంచి పని చేశావు. కొన్నాక అడిగేవాళ్లే ఎక్కువ. పికప్ బ్రోచర్‌లో 4,200 కిలోలు లాగుతుందని ఉంది, ట్రైలర్ సామానుతో కలిపి 3,200 కిలోలే, ఇంకా వెయ్యి కిలోల వెసులుబాటు ఉందని రాశావు. ముందు ఆ లెక్క సరిచేద్దాం. హాఫ్‌టన్ అనే ఈ తరహా పికప్‌లలో (అది తరగతి పేరే, మోసే బరువు కాదు) ఇంజిన్ చేతులెత్తేయడం అరుదు. అంతకన్నా చాలా ముందే పేలోడ్ అయిపోతుంది. అంటే బండి తన సొంత చక్రాల మీద మోయగలిగిన బరువు.

డ్రైవర్ తలుపు తెరువు. పక్క స్తంభం మీద టైర్ల గాలి వివరాలున్న స్టిక్కర్‌పైనే, మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని ఒక అంకె ఉంటుంది. బ్రోచర్ మోడల్ మొత్తానికి రాసింది. ఈ స్టిక్కర్ నీ బండికే, దాని సీట్లు, సన్‌రూఫ్, ఇతర హంగుల బరువు తీసేసి లెక్కగట్టింది. రెండూ విభేదిస్తే స్టిక్కర్‌నే నమ్ము. అక్కడ 700 కిలోలు ఉందనుకో. 3,200 కిలోల ట్రైలర్ ముక్కు హిచ్ (పికప్ వెనక ట్రైలర్‌ను తగిలించే అమరిక) మీద వేసే బరువు, అంటే టంగ్ వెయిట్, 13 శాతం చొప్పున 416 కిలోలు. హిచ్ సామగ్రి 40. నలుగురు మనుషులు 280. అప్పటికే 736 అయింది. వెనక తొట్టిలో పనిముట్ల పెట్టె, జనరేటర్ ఇంకా ఎక్కించనే లేదు. బ్రోచర్ అంకె అబద్ధమేమీ కాదు. వాహన ఇంజినీర్ల సంఘం ఎస్.ఎ.ఇ. పెట్టిన జె2807 పద్ధతిలో ఆ పరీక్ష చేసేటప్పుడు బండిలో డ్రైవరు, ఒక ప్రయాణికుడు, తలా 68 కిలోలు, కొద్దిపాటి హిచ్ సామగ్రి, అంతే ఉంటాయి. నీ కుటుంబం అందులో లేదు.

కాబట్టి లెక్క వెనక నుంచి మొదలుపెట్టు. పేలోడ్‌లోంచి మనుషులను, సామానును, హిచ్‌ను తీసెయ్. మిగిలినదాన్ని 0.13తో భాగించు. నీకు 700లోంచి మనుషుల 280, హిచ్ 40, తొట్టిలో సామాను 60 పోతే 320 మిగులుతుంది. అంటే సామానుతో సహా ట్రైలర్ 2,460 కిలోలు దాటకూడదు. అమ్మేవాళ్లు చెప్పే ఖాళీ బరువు చూసి మోసపోకు. అందులో నీళ్లు, గ్యాస్ సిలిండర్లు, చాలాసార్లు బ్యాటరీ కూడా కలపరు. ట్రైలర్ మీద ఉన్న ప్లేటులో గరిష్ఠ బరువు ఎంతో చూసి దానితోనే లెక్క వెయ్యి. ఆ కేంపర్ నీ పికప్‌కు పెద్దది. చిన్నది చూసుకో, లేదా పెద్ద బండి తీసుకో. వెనక కమాన్లకు ఊతంగా గాలి సంచులు (ఎయిర్‌బ్యాగులు) గానీ, అదనపు కమాన్లు గానీ వేయిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినకు. అవి బండిని సమంగా నిలబెడతాయి కానీ యాక్సిల్, రిమ్ములు, టైర్లు, బ్రేకులు పాతవే కదా. స్టిక్కర్ మీద అంకె మారదు.

టంగ్ వెయిట్‌ను నేను ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. హిచ్ బంతి, అంటే ట్రైలర్ ముక్కు కూర్చునే ఉక్కు గుండు, వెనక యాక్సిల్‌కు దాదాపు 1.2 మీటర్లు వెనక ఉంటుంది. ముందు వెనక యాక్సిళ్ల మధ్య 3.6 మీటర్లు అనుకుంటే, బంతి మీద 400 కిలోలు పడినప్పుడు వెనక యాక్సిల్ మీద 533 పడతాయి, ముందు యాక్సిల్ నుంచి 133 లేచిపోతాయి. స్టీరింగూ, ముందు బ్రేకులూ పనిచేయాల్సిన చక్రాలే తేలికపడతాయన్నమాట. రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొట్టేదీ ఇందుకే.

దీనికి మందు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. దాని స్ప్రింగు కడ్డీలు లేచిన బరువులో కొంత ముందు చక్రాలకూ, కొంత ట్రైలర్ చక్రాలకూ పంచుతాయి. దాన్ని కంటితో సెట్ చేయొద్దు, టేపు తీసుకో. చదునైన నేల మీద ముందు చక్రం నడిమి నుంచి నిటారుగా, నేల నుంచి ఫెండర్ (చక్రం పైన రేకు) అంచు దాకా మూడుసార్లు కొలువు: ట్రైలర్ లేకుండా, ట్రైలర్ తగిలించి కడ్డీలు బిగించకుండా, కడ్డీలు బిగించాక. 95 సెంటీమీటర్లు ఉన్నది 100కు లేస్తే, సగం వెనక్కి తెమ్మనే బండికి 97.5 దగ్గర ఆపాలి. కొన్ని కంపెనీలు సగం చాలంటాయి, కొన్ని మొత్తం తెమ్మంటాయి. నీ బండి మాన్యువల్ ఏం చెబితే అదే. 95 కన్నా కిందికి దిగిందంటే మరీ బిగించేశావు. అప్పుడు వెనక చక్రాలు తేలికై, వానలో మలుపు తిరుగుతూ బ్రేకు వేస్తే బండి వెనక భాగం పక్కకు జారుతుంది. అంతా అయ్యాక ట్రైలర్ సమంగా గానీ, ముక్కు రవ్వంత కిందికి గానీ ఉండాలి. ముక్కు పైకి ఉండకూడదు.

పేలోడ్ సరిపోవడం లేదు కదా అని టంగ్ వెయిట్ తగ్గిద్దామని సామాను ట్రైలర్ వెనక్కి జరిపేవాళ్లుంటారు. అన్నిటికన్నా ప్రమాదమైన పని అదే. టంగ్ వెయిట్ ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. పది కన్నా తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. ప్రతి ట్రైలర్‌కూ ఒక వేగం హద్దు ఉంటుంది: అంతకు లోపల గాలి తోసినా, లారీ దాటినా ఊగి తనంతట తానే సర్దుకుంటుంది, హద్దు దాటాక ప్రతి ఊపూ ముందుదాని కన్నా పెద్దదవుతుంది. బరువు వెనక ఉంటే ఆ హద్దు కిందికి దిగుతుంది. మెత్తని టైర్లు, తక్కువ గాలి, పొట్టి బండి కూడా దాన్ని తగ్గిస్తాయి. నిన్నటిదాకా 90లో బాగానే నడిచిన బండి, వెనక రెండు సైకిళ్లు తగిలించగానే 80లో ఊగడానికి కారణం అదే. బరువైనవి కింద, ట్రైలర్ యాక్సిల్ మీదా దానికి కాస్త ముందూ పెట్టు. మొత్తం సామానులో ఓ 60 శాతం యాక్సిల్‌కు ముందు ఉంటే దాదాపు సరిపోతుంది. నీళ్ల ట్యాంకు ఎక్కడుందో చూడు. 150 లీటర్ల ట్యాంకు యాక్సిల్‌కు వెనక ఉంటే, నింపినప్పుడు టంగ్ వెయిట్ తగ్గుతుంది. ముందు ఉంటే పెరుగుతుంది.

కొలవడానికి వేబ్రిడ్జ్ ఒక్కటే నికరం. ప్రయాణానికి సిద్ధమైనట్టే మనుషులతో, సామానుతో వెళ్లు. ముందు పికప్ ఒక్కటే తూకం వేయించు. తర్వాత ట్రైలర్ తగిలించి, కడ్డీలు వదులు చేసి, ట్రైలర్ చక్రాలు కాటా బయట ఉండేలా పికప్‌ను నిలబెట్టు. ఈ రెంటి తేడా టంగ్ వెయిట్. ఆపైన రెండూ కాటా మీదికి ఎక్కించు. దాన్లోంచి పికప్ బరువు తీసేస్తే ట్రైలర్ బరువు. చివరగా కడ్డీలు బిగించి, వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి చూడు. అది తలుపు దగ్గర రాసి ఉన్న వెనక యాక్సిల్ హద్దు లోపల ఉండాలి.

ఇంటి దగ్గరైతే బాత్రూమ్ తూకం యంత్రం చాలు. ట్రైలర్ చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టు. గట్టి దూలం ఒక చివర ఇటుక మీద, రెండో చివర యంత్రం మీద ఆన్చు. ట్రైలర్ ముక్కును ఇటుకకు ఒక అడుగు, యంత్రానికి రెండు అడుగుల దూరంలో దించు. దూలం బరువు తీసేసి, చూపిన అంకెను మూడుతో గుణించు. ముక్కు మామూలుగా బండికి తగిలించినప్పుడు ఉండే ఎత్తులోనే ఉండాలి, లేకపోతే అంకె తప్పుతుంది.

తగిలించడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు గానీ ఒక్క తప్పు మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. 2 5/16 అంగుళాల కప్లర్ (ట్రైలర్ ముక్కు చివర బంతిని పట్టుకునే గిన్నె) 2 అంగుళాల బంతి మీద కూర్చుంటుంది, లాచ్ కూడా పడుతుంది, మొదటి గతుకులో ఎగిరి బయటికొస్తుంది. బంతి మీద సైజు, మోయగల బరువు చెక్కి ఉంటాయి. కప్లర్ మీదదీ చదువు. రిసీవర్ (పికప్ కింది చదరపు గొట్టం), డ్రా బార్ (అందులో దూర్చే, బంతిని మోసే కడ్డీ), బంతి, కప్లర్, వీటిలో తక్కువ హద్దు ఉన్నదే నీ హద్దు. లాచ్ వేసి పిన్ను పెట్టాక, ట్రైలర్ జాకీతో రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేపు. కప్లర్‌తో పాటు పికప్ వెనక భాగమూ లేవాలి. సేఫ్టీ చైన్లు ముక్కు కింద అడ్డంగా, ఒకదాని మీదొకటి దాటేలా వెయ్యి. కప్లర్ ఊడినా ముక్కు నేలకు తగలకుండా అవి పట్టుకోవాలి. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు వేసే బ్రేక్‌అవే తీగను చైన్లకు కట్టొద్దు, బంతికీ కట్టొద్దు. పికప్ ఫ్రేముకు విడిగా కట్టు.

బ్రేకుల దగ్గర కాస్త ఖర్చు పెట్టు. పికప్‌లోంచి ట్రైలర్ బ్రేకులను నడిపే కంట్రోలర్ ప్రొపోర్షనల్ రకమే కొను: నువ్వు ఎంత గట్టిగా ఆపితే ట్రైలర్‌కు అంత బ్రేకు పంపుతుంది. టైమర్ రకం చవకే, కానీ మెల్లగా ఆపినా, ఉన్నపళంగా ఆపినా అది ఒకేలా పెంచుకుంటూ పోతుంది. సెట్టింగుకు ఖాళీగా, పొడిగా, చదునుగా ఉన్న రోడ్డు కావాలి. ముందు నాలుగైదు సార్లు ఆపి బ్రేకులు వేడెక్కించు. 40 కిలోమీటర్ల వేగంలో, కాలితో బ్రేకు తొక్కకుండా, కంట్రోలర్ మీది చేతి మీట పూర్తిగా నొక్కు. ట్రైలర్ చక్రాలు లాక్ అయ్యేదాకా గెయిన్ (ట్రైలర్ బ్రేకు బలం సెట్టింగు) కొంచెం కొంచెం పెంచి, లాక్ అయిన చోట నుంచి ఒక మెట్టు తగ్గించు. సామాను దించాకా, వానలోనూ మళ్లీ చూసుకోవాలి. నిండు బరువుకు పెట్టిన గెయిన్ ఖాళీ ట్రైలర్ చక్రాలను జార్చేస్తుంది. గెయిన్ ఎంత పెంచినా చక్రాలు పట్టకపోతే కంట్రోలర్‌ను తిట్టకు. బ్రేక్ షూలు అరిగి దూరమయ్యాయో, ఎర్త్ తీగ తుప్పు పట్టిందో చూడు. బ్రేకు వేయగానే ట్రైలర్ లైట్లు మసకబారితే దాదాపుగా ఎర్త్ తీగే. బ్రేక్‌అవే పరీక్ష కూడా చెయ్యి: పికప్‌కు పెట్టిన కరెంటు ప్లగ్గు తీసి, బ్రేక్‌అవే పిన్ను లాగి, బండిని మెల్లగా ముందుకు కదిలించు. ట్రైలర్ చక్రాలు బిగిసి ఉండాలి. వెంటనే పిన్ను తిరిగి పెట్టెయ్, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

ట్రైలర్ టైర్ల మీద ట్రెడ్డు బాగుందని నమ్మకు. అవి అరగకముందే ముసలివవుతాయి. పక్కగోడ మీద డి.ఒ.టి. సంకేతంలో చివరి నాలుగు అంకెలు చూడు: 2319 అంటే 2019లో 23వ వారం. ఐదారేళ్లు దాటితే మార్చెయ్. గాలి చల్లగా ఉన్నప్పుడే, పక్కగోడ మీద రాసిన గరిష్ఠం దాకా కొట్టు. దారిలో వేడెక్కి అంకె పెరిగిందని తీసెయ్యకు. చాలా ట్రైలర్ టైర్లు, వేరుగా గుర్తు లేకపోతే, గంటకు 105 కిలోమీటర్ల లోపు వేగానికే చేసినవి. పికప్ వెనక టైర్లు కారు తరహా పి-మెట్రిక్ అయితే, పికప్‌కు వేసినప్పుడు వాటి మీద రాసిన బరువును 1.10తో భాగించాలి. పక్కగోడలూ మెత్తగా ఉంటాయి. తరచుగా లాగేపనైతే ఎల్‌టీ (లైట్ ట్రక్) టైర్లు వేయించు, బండి నిలకడలో తేడా మొదటి రోజే తెలుస్తుంది.

నడిపేటప్పుడు 90 దాటకు. 90లో ఉన్న గాలి నిరోధం 110కి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పటి గేరు సెట్టింగు) మొదటి నుంచీ వేసి ఉంచు. ఎక్కుడులో గేర్‌బాక్సు వేడి సాధారణ స్థాయి కన్నా 15, 20 డిగ్రీలు పైకి పోతుంటే వేగం తగ్గించి, కింది గేరులోకి వచ్చి, ఏసీ కట్టెయ్. ఎక్కడానికి ఏ గేరు కావలసి వచ్చిందో దాదాపు అదే గేరు దిగడానికీ కావాలి, అదీ దిగుడు మొదలవకముందే వేసుకో. బ్రేకు మీద కాలు పెట్టి అలాగే దిగొద్దు. గట్టిగా తొక్కి 15 కిలోమీటర్లు తగ్గించు, పూర్తిగా వదిలెయ్, మళ్లీ తొక్కు. డాట్ 3 బ్రేక్ ఆయిల్‌కు కొత్తగా ఉన్నప్పుడు మరిగే వేడి కనీసం 205 డిగ్రీలు, తేమ పట్టాక ప్రమాణం 140కి పడిపోతుంది. మరిగితే పెడల్ నేలదాకా పోతుంది. రెండేళ్లకోసారి మార్పించు.

ట్రైలర్ ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ వదులు, స్టీరింగ్ తిన్నగా పట్టుకో, కంట్రోలర్ చేతి మీటతో ట్రైలర్ బ్రేకు ఒక్కటే వెయ్యి. ట్రైలర్ వెనక్కి లాగుతుంది, తాడు బిగిసినట్టు వరసలోకి వస్తుంది. పికప్ బ్రేకు తొక్కితే వెనకున్న బరువు ముందుకు తోసి మడిచేస్తుంది. ఊపుకు ఎదురు స్టీరింగ్ తిప్పడమూ, వేగం పెంచి లాగేద్దామనుకోవడమూ రెండూ తప్పే. ఆగాక అలాగే ముందుకు పోకు. సామాను సర్ది, గాలి చూసి, అప్పుడు కదులు.

వెనక్కి తీసేటప్పుడు చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టుకో. చెయ్యి ఎటు కదిలితే ట్రైలర్ అటు పోతుంది. ఘర్షణ రకం స్వే బార్ (ఊపును అణిచే కడ్డీ) ఉంటే ముందే వదులు చెయ్యి. అనుమానం వస్తే దిగి చూడు, మొహమాటం అక్కర్లేదు.

కొత్త చక్రాలు వేశాక 80 కిలోమీటర్లకు ఒకసారి, 160కి మరోసారి నట్లు టార్క్ రెంచితో బిగించు. ఆగిన ప్రతిచోటా నాలుగు హబ్బులకూ అరచెయ్యి దగ్గరగా పెట్టి చూడు. మిగతావాటికన్నా ఒకటి బాగా వేడిగా ఉంటే బేరింగో, వదలని బ్రేకో, అది తేలేదాకా బయల్దేరకు. బేరింగ్‌ల గ్రీజు ఏడాదికోసారి మార్పించు. కాటా చీటీలు వచ్చాక ఆ నాలుగు అంకెలూ, స్టిక్కర్ ఫోటో పంపు, కడ్డీలు ఎంత బిగించాలో కలిసి చూద్దాం.

ఇట్లు,
పెదనాన్న