టేపు వేసే ముందు వేలు పెట్టి చూడు

పెరంబూరు

చి. బంగారానికి పెద్దమ్మ దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. జనవరిలో జరిగే చెన్నై మారథాన్‌లో 21 కిలోమీటర్ల పరుగుకు నువ్వు పేరు ఇచ్చావని చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు డ్రిల్లు పీరియడ్ అనగానే కడుపునొప్పి అని బెంచీ మీద పడుకున్న పిల్లవు నువ్వు. ఆ పిల్ల ఇప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి బీసెంట్ నగర్ బీచి పొడవునా పరుగెత్తుతోందని వింటే, ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు ఆటలు నేర్పిన నాకు కళ్లు చెమర్చవా?

మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. కండరాల నొప్పికి చర్మం మీద అంటించే సాగే టేపు చుట్టలు నాలుగు తెప్పించావట. వీడియోలు చూసి నేర్చుకుని నీ మోకాళ్లకే కాక, నీతో పరుగెత్తే ఆడవాళ్లందరికీ వేస్తున్నావట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అంటావు, అక్కడితో అయిపోతుంది. కాగితం మీద ఉంటే ఇంకోసారి చదువుతావు.

వేసే పద్ధతి నీకు తెలిసే ఉంటుంది కాబట్టి క్లుప్తంగా రాస్తాను. చర్మం సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వు, నూనె గానీ క్రీము గానీ ఉండకూడదు. టేపు మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరించు, లేకపోతే బట్టకు తగిలి లేస్తాయి. రెండు చివర్లా అంగుళం మేర అసలు సాగదీయకు. అంటించాక అరచేత్తో రుద్దు, ఆ జిగురు వేడికే పట్టుకుంటుంది. పరుగుకు గంట ముందే వేసెయ్యి. మన ఊరి ఉక్కలో చెమట పట్టిన కాలికి వేస్తే రెండు కిలోమీటర్లు దాటకముందే ఊడి వేలాడుతుంది.

ఎంత బిగిస్తే అంత మేలు అనుకోకు. తయారు చేసేటప్పుడే దాన్ని కాస్త సాగదీసి కాగితానికి అంటిస్తారు. కండరం నొప్పికి చాలాసార్లు ఆ సాగు సరిపోతుంది. గట్టిగా లాగి వేస్తే చివర్ల దగ్గర చర్మం లేచి బొబ్బలు వస్తాయి. కొత్తవాళ్లకు ముందురోజు ముంజేతి లోపలివైపు చిన్న ముక్క వేసి చూడు. దురద పుడితే వాళ్లకు అది పడదు, అంతే. మూడు నుంచి ఐదు రోజులు ఉంచుకోవచ్చంటారు కానీ, చెన్నైలో రెండు రోజులు నిలిస్తే గొప్ప. తీసేటప్పుడు చర్రున లాగకు. కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఆగి, ఒక చేత్తో చర్మాన్ని అదిమి పట్టుకుని, వెంట్రుకలు వాలిన వైపుకు మెల్లగా చుట్టుకుంటూ తియ్యి.

ఈ టేపును 1970లలో జపాన్‌కు చెందిన కెంజో కాసే రూపొందించాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బీచ్ వాలీబాల్ ఆడిన కెర్రీ వాల్ష్ భుజం మీద నల్లటి టేపును ప్రపంచమంతా చూసింది. నేనూ టీవీలో చూసి, అదేదో కొత్త వైద్యం అనుకున్నాను. చర్మాన్ని పైకెత్తి రక్తప్రసరణ పెంచుతుందని డబ్బా మీద రాస్తారు, అది గట్టిగా రుజువైన సంగతి కాదు. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచి చూసే కాక్రేన్ సంస్థ సమీక్ష ఒకటి, భుజం కండరాల నొప్పికి దీనివల్ల మేలు ఉందని నమ్మకంగా చెప్పలేమని 2021లో తేల్చింది. రంగుకు గుణమేమీ లేదు, నలుపైనా గులాబీ అయినా ఒకటే. కొందరికి కొన్నాళ్లు నొప్పి కాస్త తగ్గుతుంది. నొప్పి ఉన్నచోట ఎవరో చెయ్యి వేసి ఉంచినట్టు ధైర్యంగా ఉంటుంది. అంతవరకు నేనూ ఒప్పుకుంటాను.

ఆ కాస్త తగ్గడమే నా చేత తప్పు చేయించింది. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

2012లో మా బడిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. తండ్రి కాసిమేడు రేవులో చేపల బుట్టలు మోసేవాడు. ఆ పిల్ల 1500 మీటర్లు పరుగెత్తుతుంటే చూడాలి, అడుగు నేలను తాకిందో లేదో తెలిసేది కాదు. జిల్లా పోటీలు దగ్గర పడ్డాయని వారానికి నాలుగు రోజుల సాధనను ఒక్కసారిగా ఆరు రోజులు చేశాను. పది రోజులకు వచ్చి "మిస్, ఇక్కడ" అంది. మోకాలికీ చీలమండకూ మధ్య, ఎముక లోపలి అంచు మీద వేలు పెట్టి చూపించింది. ఒకే ఒక్క వేలు. నేను ఆ వేలు చూడలేదు, క్యాలెండర్‌లో పోటీ తేదీ చూశాను. పరుగు పెంచితే కాళ్లు నొప్పి పుట్టడం మామూలేనని నీలం టేపు వేశాను. మర్నాడు "తగ్గింది మిస్" అని నవ్వింది. నేను పొంగిపోయాను.

మూడు వారాల్లో ఆ టేపు ఐదుసార్లు మార్చాను. మెట్లు దిగేటప్పుడు ఆ కాలు కాస్త ఆపి వేసేది, చూశాను. రాత్రిళ్లు నొప్పికి లేచి కూర్చుంటోందని వాళ్లమ్మ బడి గేటు దగ్గర చెప్పింది, విన్నాను. చూసి, విని, మళ్లీ కొత్త టేపు వేశాను. ఎముక మూడు వారాలుగా మొరపెట్టుకుంటుంటే నేను దాని నోటికి నీలం గుడ్డ కట్టాను.

పోటీ రోజు మూడో చుట్టులో, మలుపు దగ్గర పడిపోయింది. ఎవరూ తగల్లేదు, కాలు జారలేదు. ఆటోలో నా ఒళ్లో తల పెట్టుకుని, ఆసుపత్రి వచ్చేదాకా నా కొంగు బొటనవేలికి చుట్టుకుంటూనే ఉంది. అక్కడ టేపు నేనే తీశాను. కింద చర్మం పాలిపోయి, జిగురు వరసలు అలలు అలలుగా అచ్చు పడి ఉంది. ఆ అలల మధ్యలో, ఆ పిల్ల వేలు పెట్టిన చోటే, ఉసిరికాయంత వాపు. "ఈ నొప్పి ఎన్నాళ్ల నుంచి?" అని డాక్టరు అడిగితే ఆ పిల్ల జవాబు చెప్పకుండా నా వైపు చూసింది. నన్ను కాపాడాలని చూసింది, బంగారం. పద్నాలుగేళ్ల పిల్ల.

వెంట్రుకవాసి పగులుతో మొదలై ఎముక పూర్తిగా విరిగింది. డాక్టర్లు అలాంటి పగులును స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. పగులుగా ఉన్నప్పుడే ఆపి ఉంటే కొన్ని వారాల విశ్రాంతితో మానిపోయేదట. ఆయన ఇంకో రెండు ప్రశ్నలు అడిగాడు. సరిగా తింటోందా? నెలసరి వస్తోందా? నాలుగు నెలలుగా రావడం లేదని అప్పుడు తెలిసింది. పొద్దున ఏమీ తినకుండానే సాధనకు వచ్చేదని కూడా అప్పుడే తెలిసింది. పరుగుకు తగ్గ తిండి లేకపోతే నెలసరి ఆగుతుంది, ఎముక బలం పోతుంది. ఆడపిల్లలతోనే బతుకంతా గడిపినదాన్ని, నేను అడగలేదు.

ఆ పిల్ల ఇప్పుడు తాంబరంలో ఉంటుంది, ఒక బాబు. నడకలో ఏ తేడా లేదు. మళ్లీ ఎన్నడూ పోటీలో పరుగెత్తలేదు.

అందుకని చెబుతున్నాను. ఎవరైనా నీ దగ్గరికి కాలు పట్టుకుని వస్తే చుట్ట తీయకముందు "నొప్పి ఎక్కడో చూపించు" అని అడుగు. అరచేత్తో అటూ ఇటూ రాసి చూపిస్తే చాలాసార్లు కండరమే. ఒకే వేలితో ఎముక మీద ఒకే చోటు చూపిస్తే, అక్కడ నొక్కితే ఉలిక్కిపడితే, ఆ కాలి మీద గెంతలేకపోతే, రాత్రి నొప్పికి మెలకువ వస్తోందంటే టేపు వేయకు, పరుగెత్తనివ్వకు. డాక్టరు దగ్గరికి పంపు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఆ పగులు కనపడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందంటూ మళ్లీ వస్తే, నొప్పి అలాగే ఉన్నప్పుడు ఎమ్మారై అవసరమేమో డాక్టరును అడగమను.

చీలమండ మడతపడి నాలుగు అడుగులు వేయలేనివాళ్లకు కూడా ముందు ఎక్స్‌రే. సాగే టేపు కీలును కదలకుండా పట్టి ఉంచలేదు, అందుకు వాడే సాగని తెల్ల టేపు వేరు. రాత్రంతా బస్సులో విజయవాడ నుంచి వచ్చి, ఒక్క పిక్కే వాచి వేడిగా ఉందని ఎవరైనా అంటే టేపూ వద్దు, మర్దనా వద్దు. అది రక్తనాళంలో గడ్డ కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పుండు మీద, ఎర్రబడి చీము పట్టిన చర్మం మీద వేయకు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లను వాళ్ల డాక్టరును అడిగి రమ్మను.

ఇక నీ సంగతి. రాత్రి అన్నం మానేశావని మీ అమ్మ చెప్పింది. పొద్దున పది కిలోమీటర్లు పరుగెత్తే మనిషి రాత్రి రెండు జామకాయలతో పడుకుంటుందా? ఎవరు చెప్పారు నీకు ఈ పద్ధతి? ఈ రోజు నుంచే తిను. పప్పన్నం, గుడ్డు, పెరుగు, ఏది కావాలంటే అది తిను, కడుపు నిండా తిను. నెలసరి సక్రమంగా వస్తోందో లేదో నాకు ఫోన్‌లో చెప్పు, సిగ్గుపడకు. ఆ మాట ఒకసారి అడగక నేను పోగొట్టుకున్నది ఇంతకుముందే రాశాను.

శనివారం సాయంత్రం ఇంటికి రా. గోంగూర పచ్చడి చేసి ఉంచుతాను. నీ టేపు చుట్టలూ తెచ్చుకో, ఎంత సాగదీయాలో నా ముంజేతి మీద వేసి చూపిస్తాను. నీకు కుడి మోకాలు నొప్పి అని మీ అమ్మ అంది. వచ్చాక కాళ్లు కడుక్కుని నా ఎదురుగా కూర్చుని, అది ఎక్కడో ముందు చేత్తో చూపించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ